నిశ్శబ్దమునకు అద్దె

నగరపు రొదకు విసిగినవారు నగరపు టంచున నొక శాంతమైన వీధిని వెదకికొందురు. ఆ శాంతిని కట్టినవా రెవరు? నెలనెల దానికి వెల చెల్లించువారికి దానిపై గల హక్కెంత? సికిందరాబాదు ఈశాన్యపు కాలనీలను చుట్టివచ్చిన యొక పరిశీలనము.

ఏటేట వేసవి సెలవులు రాగానే హైదరాబాదు మహానగరములో ఒక పెద్ద వలస మొదలగును. పత్రికలలో దానికి వార్త యుండదు. అయినను గేట్లకు తీగతో బిగించిన ‘టు-లెట్’ పలకలును, చిన్న వ్యానులపై తలక్రిందులుగా నెక్కించిన కుర్చీలును, పరుపుల నడుమ నొదిగిపోవు తులసికుండీలును వీధివీధిని దానికి సాక్ష్యము చెప్పుచుండును. జూనులో బడులు తెఱచునాటికి పిల్లలు క్రొత్తచోట కుదురుకొనవలెను. ఆషాఢము చొరకముందే పాలు పొంగించుకొనవలెను. పాత యింటివారి కిచ్చిన నోటీసు గడువు తీరకముందే క్రొత్త యింటి తాళము చేతికి రావలెను. ఈ మూడింటికిని పొత్తు కుదుర్చుకొన్న గృహస్థుడు ఆ యేటికి ధన్యుడు.

ఈ వలస నడచువారందఱును ఆఫీసు చేరువనే ఇల్లు కావలెనని కోరరు. వేకువనే వాహనముల కూతకు మాఱుగా పిట్టకూత వినవలెననియు, పిల్లవాడు వీధిలో సైకిలు త్రొక్కుచుండగా గుండెదడ లేక వంట చేసికొనవలెననియు, వృద్ధులైన తల్లిదండ్రులు సాయంకాలము నాలుగడుగులు వేయుటకు నీడగల దారి యుండవలెననియు కోరువారును కలరు. అట్టివారు సికిందరాబాదునకు ఈశాన్యముగా నడచి, నేరేడ్‌మెట్, సైనిక్‌పురి, వాయుపురి, డిఫెన్సు కాలనీ, యాప్రాల్, ఎ.ఎస్.రావు నగరు వీధులలో తలలెత్తి పలకలు చదువుచు తిరుగుచుందురు. నగరపు పడమట నున్న మాదాపురములోని సాఫ్టువేరు కొలువునకు ఇచటినుండి సుమారు పాతిక కిలోమీటర్లు. రోజులో రెండుమూడు గంటలు దారియే హరించును. అది తెలిసియే వచ్చుచున్నారు. వారు చెల్లించు అద్దెలో గోడలకెంతయో, ఆ వీధి నిశ్శబ్దమునకెంతయో విడదీసి చెప్పగల బ్రోకరు లేడు. కాని రెండవ పద్దు లేకున్న వారిచటికి రారనుట నిశ్చయము.

కంచెల చాటున పెరిగిన ప్రశాంతి

ఈ ప్రశాంతి తనంత తాను మొలచినది కాదు. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేర వెలసిన సికిందరాబాదు ఆదినుండియు సైనికశిబిరముగా పెరిగిన పట్టణము. కవాతులకును, ఆయుధాగారములకును, శిక్షణాలయములకును సైన్యము విశాలమైన భూములను తనచుట్టు నట్టిపెట్టుకొన్నది. తక్కిన దిక్కులలో నగరము కట్టలు తెంచుకొని ప్రవహించుచున్నను, ఆ కంచెల లోపల అంతస్తులు లేవలేదు, అంగళ్ళు తెఱవలేదు. వేపలును చింతలును తమ వయస్సు తాము నిండించుకొన్నవి. ఆ కంచెల సరసనే, పదవీవిరమణము చేసిన సైనికులు సహకారపద్ధతిని కట్టుకొన్న ఇండ్లతో సైనిక్‌పురి ఏర్పడినది. వైమానికదళము వారి పేర వాయుపురి వెలసినది. సైన్యాధికారులకు నిర్వహణశాస్త్రము నేర్పుటకై 1970లో నెలకొల్పబడిన కళాశాల కూడ ఈ ప్రాంతముననే యున్నది.

దక్షిణపు వైపున మఱియొక చేయి పనిచేసినది. 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ ఈ రాతినేలపై అవతరించినది. దానికి వ్యవస్థాపకుడైన అయ్యగారి సాంబశివరావు గారు అణుశక్తి శాఖలో పేరుపొందిన శాస్త్రజ్ఞులు. ఆ కర్మాగారపు ఉద్యోగులు కట్టుకొన్న కాలనీ నేటికిని ఎ.ఎస్.రావు నగరుగా వారి పేరనే పిలువబడుచున్నది. ఒకనాడు తెలుగు మధ్యతరగతి ముంగిళ్ళలో వెలిగిన ఇ.సి. టెలివిజనులును, నేడు పోలింగు కేంద్రములలో మనము మీట నొక్కు ఓటింగు యంత్రములలో కొన్నియు ఈ సంస్థ పనితనమే. ఆ సంస్థకు చేరువనే అణు ఇంధన సముదాయము లేచినది. సైరను కూతకు పోయి సైరను కూతకు వచ్చు ఉద్యోగులు, పెన్షనుతో నెల గడపు సైనికులు, మితమైన ఆశలతో సొసైటీ ప్లాట్లు కొన్నవారు: వీరి జీవనరీతియే ఈ వీధుల లయ యైనది. రాత్రి తొమ్మిదింటికి దీపములార్పువారు చేరినచోట నిశ్శబ్దమునకు వేఱొక కావలి అక్కఱలేదు.

మూడవ కారణము చిత్రమైనది. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు తలయెత్తినది మొదలు నగరపు క్రొత్త కొలువులును క్రొత్త ధనమును పడమటికే నడచినవి. ఈశాన్యమును బజారు కొంతకాలము మఱచినది; ఆ మఱపు ఈ వీధులకు వరమైనది. 2007లో కాప్రా, మల్కాజిగిరి, అల్వాలు మునిసిపాలిటీలు బృహత్ హైదరాబాదు కార్పొరేషనులో కలిసి, ఉపనగరము చట్టరీత్యా నగరమే యైన తరువాత గూడ, ఇచటి పెద్దలు “సిటీకి పోయి వస్తాం” అను మాటను మానలేదు.

“ఇంతకీ మీరేమిటవాళ్ళు?”

ఇట్టి వీధిలో ఇల్లు దొరకించుకొనుట ధనముతోడనే తీరు పని కాదు. పలకపై నున్న నంబరునకు ఫోను చేయగానే మొదటి ప్రశ్న ఎంతమంది యనునది. రెండవది ఎచట ఉద్యోగమనునది. మూడవది శాకాహారులేనా యనునది. ఈ మూడింటికిని ఉత్తీర్ణులైనవారికి, మజ్జిగ యిచ్చి కూర్చుండబెట్టి, ఎంతో మర్యాదగా అడుగబడు నాలుగవ ప్రశ్న యొకటి కలదు: “ఇంతకీ మీరేమిటవాళ్ళు?” ఈ ప్రశ్నతో కులము తెలిసికొందురు, మతము తెలియుటకు పేరే చాలును. ఆ తరువాత “మా అబ్బాయితో మాట్లాడి చెబుతాం” అను వాక్యము వినబడినచో ఆ యిల్లు పోయినదని అడిగినవారు గ్రహింపవలెను. రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించిన దేశమున, ప్రహరీగోడ లోపల అది ఇంత మృదువుగా బ్రదికియున్నది. మజ్జిగ చల్లదనము ఆ ప్రశ్న క్రౌర్యమును తగ్గింపజాలదు.

ఒంటరివారి పాట్లు వేఱు. “బ్యాచిలర్స్‌కు ఇవ్వబడదు” అను పలక చూచి చూచి విసిగిన మిత్రులలో ఒకడు ఆడువేషము వేసి ఇల్లు సంపాదించు కథతో వచ్చిన ‘చిత్రం భళారే విచిత్రం’ చిత్రమునకు తెలుగువారు కడుపుబ్బ నవ్విరి. నవ్వి ఇంటికి వచ్చి, తమ గేటుపై పలకను మాత్రము మార్చలేదు. భర్తనుండి విడివడిన స్త్రీకి, ఒంటరిగా నున్న ఉద్యోగినికి ఈ నిషేధము మఱింత కఠినము. ఆమె యింటికి ఎవరు వచ్చిరో, ఏ వేళకు పోయిరో వీధి యంతయు పద్దు వ్రాయుచుండును. నిశ్శబ్దమైన వీధికి చెవులెక్కువ యను సంగతి ఆమెకు తెలిసినంతగా మఱియొకరికి తెలియదు.

ఇవి దాటినవారికి ధనప్రసంగము. హైదరాబాదులో రెండుమూడు నెలల అద్దె అడ్వాన్సుగా నిచ్చుట వాడుక; బెంగుళూరులో పది నెలల అడ్వాన్సు చెల్లించి వచ్చినవారి కిది దయాధర్మముగా తోచును. బ్రోకరునకు సాధారణముగా ఒక నెల అద్దె. ఏడాది తిరుగగానే అద్దెపై నూటికి అయిదు మొదలు పది వంతుల పెంపు. ఖాళీ చేయునాడు రంగుల ఖర్చని అడ్వాన్సునుండి ఒక నెల కోత. ఈ కోత సంగతి చేరునాడు ఎవరును చెప్పరు, అడుగుటకు మొగమాటము. ఆ మొగమాటమునకు వెల యొక నెల అద్దె యని తరువాత తెలియును.

పదునొకండు నెలల కాగితము

అద్దె యొప్పందము పదునొకండు నెలలకే యెందుకు వ్రాయుదురని అడుగువారు కొలదిమంది. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టపు మూలపాఠము ప్రకారము ఏడాదికి మించిన గడువుగల లీజుపత్రము తప్పక రిజిస్టరు కావలెను. ఆ ఖర్చును శ్రమయు తప్పించుకొనుటకై దేశమంతయు ఒక నెల తగ్గించి వ్రాసికొనుచున్నది. సంతకము చేయువారిలో అనేకులు ఆ కాగితమును చదువరు. చదివినవారును అది తమ్మెంతవఱకు కాపాడునో ఎఱుగరు.

ఉమ్మడి రాష్ట్రమున 1960లో వచ్చిన కట్టడముల అద్దె నియంత్రణ చట్టము కిరాయిదారునకు బలమైన కోటగానే యుండెడిది; న్యాయమైన అద్దెను నిర్ణయించుటకు అధికారి యుండెను, కారణము చూపక వెళ్ళగొట్టుట కుదరకుండెను. కాని 2005 సవరణముతో, కార్పొరేషను పరిధిలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దెగల యిండ్లు దాని రక్షణమునుండి తొలగినవి. నేడు ఆ మొత్తమునకు ఈ కాలనీలలో రెండు గదుల యిల్లు కాదుగదా, కారు నిలుపు షెడ్డు దొరకుట కష్టము. కావున ఇచటి కిరాయిదారులలో అత్యధికులకు మిగిలినది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమే. ఒప్పందములో వేఱు షరతు లేనియెడల, నెలవారీ అద్దె యింటిని పదునైదు దినముల నోటీసుతో ఖాళీ చేయింపవచ్చునని ఆ చట్టము చెప్పుచున్నది. ‘రెండు నెలల నోటీసు’ అను మూడు మాటలను ఒప్పందములో వ్రాయించుకొనుటకు సిగ్గుపడిన కుటుంబము, పరీక్షల కాలమున పిల్లల పుస్తకములు మూటగట్టుకొనవలసి వచ్చుట ఇందువలననే.

2021 జూనులో కేంద్రమంత్రివర్గ మామోదించిన మాదిరి అద్దె చట్టము కొన్ని మేలైన నియమములను సూచించినది: నివాసగృహమునకు అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించరాదు, యజమాని యింట అడుగిడుటకు ఇరువదినాలుగు గంటల ముందు తెలుపవలెను, తగవు వచ్చెనని నీటిని, విద్యుత్తును ఆపరాదు, వివాదములను ప్రత్యేకాధికారియు న్యాయస్థానమును త్వరగా తేల్చవలెను. అయితే అది మాదిరి మాత్రమే. రాష్ట్రము చట్టముగా చేసికొన్ననే దానికి ప్రాణము. ఆంధ్రప్రదేశము తన చట్టమును ఆ దారికి తెచ్చుకొన్న రాష్ట్రములలో ఒకటి. ఏ రాష్ట్రమున నున్నను, ఆ నియమములను ఒప్పందములో షరతులుగా వ్రాసికొనుటకు ఉభయులకును అడ్డు లేదు.

నీళ్ళు, మీటరు, మెట్లు

ఇల్లు కుదిరిన పిదప దినదినగండము నీళ్ళతో వచ్చును. ఈ కాలనీలకు చేరువనున్న మౌలాలి గుట్టలను చూచినవా రెవరైనను ఈ నేల స్వభావము గ్రహింపగలరు: అడుగున శిల, పైన పలుచని మన్ను. బోరు ఎంతలోతునకు దిగినను రాతిపగుళ్ళలో నున్న నీరే ప్రాప్తము. అదియు ఉప్పదనముతో బకెట్లకు తెల్లని పొలుసు కట్టించును. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను నిండిన నాటినుండి నగరము తన దాహమునకు క్రమముగా దూరదూరపు నదులను పిలిపించుకొన్నది. మంజీరా వచ్చినది, కృష్ణ వచ్చినది, 2015లో గోదావరి వచ్చినది. నెలకు 20,000 లీటర్ల వఱకు ఉచితమను పథకమును వచ్చినది. అయినను ఏప్రిలులో బోరు దిగినప్పుడు వీధిలో తిరుగునది ట్యాంకరే. ఇల్లు చూచుటకు మార్గశిరమున పోయినవానికి ప్రతి కొళాయియు గంగాభవానివలె కనబడును. వైశాఖమున పోయి చూచినవాడు వివేకి.

విద్యుత్తు మీటరు ఇంకొక సూక్ష్మము. వాడుక పెరిగినకొలది యూనిటు ధర పెరుగు పద్ధతిలో, రెండు కుటుంబములు ఒకే మీటరుపై నున్నచో ఇరువురి వాడుకయు కలిసి పై శ్లాబునకు పోవును. పొదుపుగా నున్న కిరాయిదారుడు ఇతరుల ఏ.సి.కి పన్ను కట్టుచున్నవాడగును. ప్రత్యేకపు మీటరు కలదా యను ప్రశ్న, తూర్పు ముఖమా యను ప్రశ్నకంటె ముందడుగదగినది.

పైపోర్షను, క్రిందిపోర్షను

ఇంతవఱకు చెప్పినది చేదు, తీపియు కలదు. ఈ కాలనీల యిండ్లలో అనేకములందు క్రింద నివసించువారు వృద్ధదంపతులు. వారి పిల్లలు డల్లాసులోనో, న్యూజెర్సీలోనో స్థిరపడినవారు. పై యంతస్తు నద్దెకిచ్చుట వారికి ధనావసరముకంటె మనుష్యావసరము. మెట్లపై అడుగుల చప్పుడు, కుక్కరు కూత, చిన్నపిల్ల ఎక్కాలు వల్లించు గొంతుక, ఇవి వినుటకై మంచి అద్దె వచ్చు కంపెనీ గెస్టుహౌసును కాదని కుటుంబమునకే యిచ్చిన యజమానులు కలరు. “బాబాయ్ గారూ, బీపీ మాత్ర వేసుకున్నారా?” అని పైపోర్షను కోడలు మెట్లు దిగుచు అడిగిన మాట అమెరికానుండి వచ్చు వీడియో కాలుకంటె ముందు చేరును. రాత్రివేళ గుండెనొప్పి వచ్చినపుడు కారు తీయువాడు కిరాయిదారుడే. పైవారి పిల్లకు లెక్కలు చెప్పునది విశ్రాంత ఇంజనీరు గారే. రక్తసంబంధము సముద్రములు దాటిపోయినచోట అద్దెసంబంధము పెరిగి చుట్టరికమగుచున్నది. తెలుగు మధ్యతరగతి జీవితమున గడచిన ముప్పదియేండ్లలో వచ్చిన మార్పులలో ఇంత ముఖ్యమైనదియు, ఇంత తక్కువగా వ్రాయబడినదియు మఱియొకటి లేదు.

అయితే ఈ చుట్టరికమునకును ఒక గడప కలదు. అద్దెయింట పురుడు పోసికొనుటకు ఒప్పుకొనని యజమానులు నేటికిని కలరు. అంతకంటె దారుణము మరణసమయమున బయటపడును. ఆసుపత్రిలో కన్నుమూసిన మనిషి దేహమును, ఏండ్లతరబడి తాను అద్దె చెల్లించిన యింటిలోనికి తేవలదని యజమాని అడ్డుపడగా, ఆ కుటుంబము వీధి చివర గుడారము వేసికొని యేడ్చిన వార్తలు మన రెండు రాష్ట్రములలోను మాటిమాటికి వినవచ్చుచున్నవి. మైల భయము, మఱల ఎవరును అద్దెకు రారేమోనను భయము: కారణము లేవైనను, బ్రదికియున్నంతకాలము మొదటి తేదీకి తప్పక అద్దె పుచ్చుకొన్న చేయి, చచ్చిననాడు తలుపు వేయుట మానవత్వమునకు కళంకము. ఒప్పందములో వ్రాయక తప్పని షరతు లెన్ని యున్నను, ఈ యొక్కటి వ్రాయకయే సాగవలసిన ధర్మము.

కాలనీ ఎవరిది?

బజారు మఱపు ఇప్పుడు తీరినది. సైనిక్‌పురి ప్రధానవీధిలో మామిడిచెట్ల నడుమ నున్న పాత బంగళాలు కాఫీశాలలై, ఫలహారశాలలై రాత్రిదాక వెలుగుచున్నవి; లోపలి వీధులలో ఒంటి యింటిని కూల్చి అయిదంతస్తులు లేపుచున్నారు. కాప్రా చెఱువు మురుగునకును గుఱ్ఱపుడెక్కకును లోబడి యున్నది. నివాసప్రాంతమున పగలు 55, రాత్రి పదింటినుండి ఉదయము ఆఱింటివఱకు 45 డెసిబెల్సును ధ్వని మించరాదని 2000 నాటి శబ్దకాలుష్య నియమములు చెప్పుచున్నవి. చెట్టు కొట్టుటకు అనుమతి కావలెనని 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టము చెప్పుచున్నది. ఈ నియమములను పట్టుకొని నిలువవలసినది కాలనీ సంక్షేమ సంఘము.

మఱి ఆ సంఘములో ఎవరున్నారు? అనేక సంఘముల నియమావళిలో సభ్యత్వము సొంతయింటివారికే. కాలనీలో నున్నవారిలో ఎందఱో కిరాయిదారులైనను, మెయింటెనెన్సు చందా వారి చేతినుండియే పోవుచున్నను, చెత్తబండి రాలేదని ఉదయము గేటుకడ నిలుచున్నది వారే యైనను, సభ జరుగునాడు వారికి కుర్చీ లేదు. ఓటు వేయు సొంతదారు ఒక్కొక్కప్పుడు కాలిఫోర్నియాలో నుండును. బోరు ఎండినదని తెలిసినవాడు పైపోర్షనులో నుండును. పై యంతస్తులు లేపుటవలన లాభపడువాడు సొంతదారు; చీకటి, రొద, నీటి కఱవు అనుభవించువాడు నివాసి. ఈ యిరువురి ప్రయోజనములు ఒకటికానిచోట, ఒకరినే అడిగి తీర్మానించు సంఘము కాలనీ సంక్షేమ సంఘము కానేరదు. అది ఆస్తిదారుల సంఘము.

ఈ విషయమున దేశపు చట్టము కాలనీల నియమావళికంటె ఉదారమైనది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ఓటుహక్కును సాధారణ నివాసముతో ముడివేసినది. ఒకచోట ఇల్లున్నంతమాత్రమున అచటి నివాసి కాజాలడని స్పష్టముగా చెప్పినది. ప్రజాప్రతినిధి నెన్నుకొనుటకు అర్హుడైన కిరాయిదారుడు, వీధిదీపము సంగతి చర్చించుటకు అనర్హుడనుట ఏ న్యాయము? కిరాయిదారులును ఇందు నిర్దోషులు కారు. ఇల్లు మారి మూడేండ్లయినను ఎనిమిదవ నంబరు ఫారము నింపి ఓటు మార్పించుకొననివారు, ‘మనకెందుకు, ఎప్పుడో ఖాళీ చేసేవాళ్ళం’ అని సభకు పిలిచినను పోనివారు, ఆ నిశ్శబ్దమును వాడుకొని పోవుదురుగాని నిలుపరు.

కావున కాలనీ సంఘముల పెద్దలకు ఒక మనవి. రాబోవు సర్వసభ్యసమావేశమున నియమావళిలో ఒక్క వాక్యము మార్చుడు: ఏడాదిపాటు కాలనీలో నివసించిన ప్రతి కుటుంబమునకు, సొంతమైనను అద్దెయైనను, సభ్యత్వమును ఓటును ఇయ్యుడు. యజమానులారా, పలకపైనుండి కులమును, ఒంటరితనమును వెదకు షరతులను తీసివేసి, నోటీసు గడువును అడ్వాన్సు వాపసును కాగితముపై వ్రాయుడు. కిరాయిదారులారా, పాలు పొంగించిన వారముననే ఓటు మార్పించుకొనుడు. నెలకొకసారి సభకు పొండు. సైనికులును, కర్మాగారపు ఉద్యోగులును తమ నడవడితో కట్టిపెట్టిన ఈ ప్రశాంతిని ఇక కంచెలు కాపాడజాలవు. అచట నివసించువారందఱును కలిసి కాపాడవలెను.